ఆదివారం ఫోనులో ఏం అడగాలి? హాస్టల్లో ఇంటర్ చదువుతూ డీలా పడిన పిల్లల గురించి

తెనాలి_అమ్మ | అక్టోబరు 12, 2025

అందరికీ నమస్కారం. మా అబ్బాయి విజయవాడ దగ్గర ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతున్నాడు. పదో తరగతి దాకా మా ఊళ్లోనే చదివాడు. అప్పట్లో చదువుకోమని వాడికి చెప్పాల్సిన అవసరమే రాలేదు. మొదటి సంవత్సరం కూడా బాగానే గడిచింది. ఈ ఏడాది వీకెండ్ టెస్టుల్లో ర్యాంకు 40ల నుంచి 180ల దాకా జారడంతో వాణ్ణి పై సెక్షన్‌లోంచి తీసి కింది సెక్షన్‌లో వేశారు. దసరా సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు పుస్తకాల సంచి జిప్పు కూడా తీయలేదు. తిరిగి వెళ్లే రోజు బస్టాండులో నిలబడి, "నేను ఎంత చదివినా ఇంతే అమ్మా, నా బుర్రకు ఇంతవరకే ఎక్కుతుంది" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు కోపంగానో ఏడుస్తూనో అని ఉంటే నాకు ఇంత భయం వేసేది కాదు. చాలా మామూలుగా అన్నాడు.

ఆదివారం సాయంత్రం హాస్టల్ వాళ్లు పదిహేను నిమిషాలు ఫోను ఇస్తారు. నేను మొదట టెస్టు ఎలా రాశావని అడుగుతాను, తరువాత ర్యాంకు ఎంతని అడుగుతాను, ఆపైన వాడి వైపు నుంచి "ఊఁ", "సరే" తప్ప ఏమీ వినిపించదు. మా వారికి మోటార్ల వైండింగ్ షాపు ఉంది. ఆయన ఫోను తీసుకుని ఫీజు ఎలా కడుతున్నామో గుర్తు చేస్తారు. ఆయన మనసులో ఉన్నది ప్రేమేనని నాకు తెలుసు, కానీ వాడికి అది అప్పుల చిట్టాలా వినిపిస్తోందేమోనని అనుమానం. వాణ్ణి ఇంటికి తెచ్చేసుకోవాలా, అక్కడే ఉంచాలా? అక్కడే ఉంచితే వారానికి పదిహేను నిమిషాల్లో ధైర్యం ఎలా చెప్పాలి? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

ఫిజిక్స్_మాస్టారు | అక్టోబరు 12, 2025

అమ్మా, నేను వరంగల్ జిల్లాలో ప్రభుత్వ జూనియర్ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. మీరు ర్యాంకులు చెప్పారు గానీ మార్కులు చెప్పలేదు. ర్యాంకు 40ల్లో ఉన్నప్పుడు 300కు ఎన్ని మార్కులు వచ్చాయి, 180ల్లోకి జారినప్పుడు ఎన్ని వచ్చాయి అన్నది కనుక్కోండి. ఎందుకు అడుగుతున్నానంటే, ఒకే రకమైన తర్ఫీదు పొందే ఆరేడు వందల మంది ఒకే పరీక్ష రాసినప్పుడు పైన పదిమంది, అడుగున కొంతమంది తప్ప మిగిలిన వారంతా మధ్యలో ఒకరి మీద ఒకరు పడ్డట్టు కిక్కిరిసి ఉంటారు. ఆ గుంపులో పది మార్కులు తగ్గితే యాభై ర్యాంకులు జారవచ్చు. పిల్లవాడికి ర్యాంకు మాత్రమే కనిపిస్తుంది కాబట్టి తాను పాతాళానికి పడిపోయానని అనుకుంటాడు, జవాబుపత్రం తిరగేస్తే నాలుగైదు లెక్కల తేడా ఉంటుంది. అబ్బాయి చదువు నిజంగా ఎక్కడ ఆగిందో తెలియకుండా ధైర్యం చెప్పినా, మందలించినా గురి తప్పుతుంది.

పాలమూరు_నాన్న | అక్టోబరు 13, 2025

నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు, అయినా చెబుతాను. మా నాన్న వలస కూలీ. మా వంశంలో పట్టా పుచ్చుకున్న మొదటివాణ్ణి నేను. హాస్టల్లో నేల మీద పడుకుని, లెక్చరర్ చేత నలుగురిలో మాటలు పడి చదివాను. ఆ కాఠిన్యమే లేకపోతే నేను ఈనాడు ఉద్యోగంలో ఉండేవాణ్ణి కాదు. పిల్లల మీద ఒత్తిడి వద్దని చెప్పేవాళ్లలో చాలామందికి వెనక పొలమో, ఇల్లో, బంధువుల వ్యాపారమో ఉంటుంది. ఏమీ లేనివాడికి చదువు ఒక్కటే ఆస్తి. ఇంజనీరింగ్ సీటుకు లక్షల మంది పోటీ పడుతున్నారు, ఆ పోటీ మన పిల్లవాడి మనసు చూసి ఆగదు. కాబట్టి తల్లిదండ్రులు మెత్తబడకూడదు. తండ్రి ఎంత కష్టపడి ఫీజు కడుతున్నాడో పిల్లవాడికి తెలియడంలో తప్పేమీ లేదు.

పిల్లల_మనసు | అక్టోబరు 13, 2025

నేను విశాఖపట్నంలో క్లినికల్ సైకాలజిస్టుని. పాలమూరు_నాన్న గారి మాటకు తరువాత వస్తాను, ముందు తెనాలి అమ్మగారు చెప్పిన ఒక విషయం దగ్గర ఆగాలి. "ఇంతే" అనడం, అదీ చాలా మామూలుగా అనడం, ఇష్టంగా చేసే పనిని ముట్టుకోకపోవడం, ఫోనులో ఒక్క మాటకే పరిమితం కావడం, ఇవన్నీ అలసట వల్ల కూడా కావచ్చు, కుంగుబాటు మొదలవుతున్న గుర్తులు కూడా కావచ్చు. దూరం నుంచి నేను ఇదని తేల్చి చెప్పలేను. నిద్ర, తిండి, స్నేహితులు, ఈ మూడింటిలో మార్పు వచ్చిందేమో చూడండి. వస్తువులు ఎవరికైనా ఇచ్చేయడం, "నేను లేకపోతే మీకు భారం తగ్గుతుంది" వంటి మాటలు వినిపిస్తే ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకుండా స్వయంగా వెళ్లి పక్కన ఉండండి.

ఇంకొక మాట చెప్పడం నాకు ముఖ్యం. "నీకు బతకాలని లేదని ఎప్పుడైనా అనిపిస్తోందా నాన్నా?" అని సూటిగా అడగడానికి తల్లిదండ్రులు జంకుతారు. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని భయపడతారు. అలా జరగదు. ప్రేమగా, తొందరపడకుండా అడిగిన ఆ ప్రశ్న పిల్లలకు తలుపు తెరిచినట్టు అవుతుంది. అది ఫోనులో కాదు, ఎదురుగా కూర్చుని అడగాలి. జవాబు అవునని వస్తే ఉపన్యాసం ఇవ్వకండి, వాణ్ణి ఒంటరిగా వదలకండి, వైద్యుల దగ్గరకు తీసుకువెళ్లండి. టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయవాణి నంబరు 14416కు రాత్రి పగలు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన సేవ అది. పిల్లలే కాదు, ఏం చేయాలో తోచని తల్లిదండ్రులు కూడా ఫోను చేయవచ్చు.

ఇక పాలమూరు_నాన్న గారు చెప్పినదాంట్లో నేను కాదనలేనిది ఒకటుంది. పిల్లల నుంచి ఎక్కువ ఆశించడం తప్పు కాదు. ఏమీ ఆశించకపోవడం కూడా పిల్లలకు అవమానంగానే తోస్తుంది. కానీ అండీ, మీరు మాటలు పడి కూడా నిలబడ్డారంటే ఆ మాటలే నిలబెట్టాయని చెప్పలేం. హవాయి దీవుల్లో కవాయి అనే చోట 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమ్మీ వెర్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహచరులు దశాబ్దాల పాటు గమనిస్తూ వచ్చారు. పేదరికం, ఇంట్లో కలతలు వంటి కష్టాలు ఎక్కువగా ఉన్న పిల్లల్లో దాదాపు మూడో వంతు మంది సమర్థులైన పెద్దవాళ్లుగా ఎదిగారు. వారిలో తరచుగా కనిపించినది ఏమిటంటే, తల్లి కావచ్చు, తాత కావచ్చు, ఒక టీచరు కావచ్చు, గెలుపోటములతో పని లేకుండా తమను పట్టించుకునే మనిషి ఒకరైనా ఉండటం. మీరు హాస్టల్లో నేల మీద పడుకున్న ఆ రోజుల్లో మీకు అలాంటి మనిషి ఎవరో గుర్తు చేసుకోగలరా?

పాలమూరు_నాన్న | అక్టోబరు 14, 2025

మీ ప్రశ్న గురించి రాత్రంతా ఆలోచించాను. మా నాన్న పూణె నుంచి రెండు నెలలకు ఒకసారి వచ్చేవాడు. హాస్టల్ గేటు దగ్గర వేరుశెనగ కాయల మూట ఇచ్చి, నా భుజం మీద చెయ్యి వేసి అరగంట కూర్చునేవాడు. ఆయనకు చదవడం రాదు, అందుచేత మార్కులు అడిగేవాడు కాదు. దీన్ని నేను ఇంతవరకు నా చదువుకు సంబంధించిన విషయంగా అనుకోలేదు. అయినా పోటీ విషయంలో నా మాట మీదే ఉన్నాను.

లాంగ్‌టర్మ్_రెండుసార్లు | అక్టోబరు 14, 2025

నేను ఇప్పుడు ఎంబీబీఎస్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఇంటర్ తరువాత నీట్‌లో సీటు రాక రెండేళ్లు లాంగ్ టర్మ్, అంటే మళ్లీ నీట్ కోసమే కోచింగ్, చేశాను. కింది సెక్షన్‌కు మార్చడం ఎలా ఉంటుందో అనుభవించినదాన్ని కాబట్టి అమ్మగారికి రాయాలనిపించింది.

సెక్షన్ మారినప్పుడు పోయేది ర్యాంకు ఒక్కటే కాదు. పక్కన కూర్చునే స్నేహితురాలు పోతుంది, మన పేరు తెలిసిన లెక్చరర్ పోతారు, డౌటు అడిగే అలవాటు పోతుంది. కొత్త సెక్షన్‌లో చెయ్యి ఎత్తితే "ఇది కూడా రాదా" అనుకుంటారని నేను నాలుగు నెలలు ఒక్క డౌటు కూడా అడగలేదు. అడగని డౌట్లన్నీ పేరుకుని మార్కులు ఇంకా తగ్గాయి. దాన్ని నేను బుర్ర లేకపోవడం అనుకున్నాను. మీ అబ్బాయి కూడా డౌట్లు అడగడం మానేశాడేమో కనుక్కోండి.

మా నాన్న భీమవరం దగ్గర రొయ్యల చెరువుల మీద పని చేస్తారు. మొదటి ఏడాది ఆయన కూడా ర్యాంకే అడిగేవారు. రెండో ఏడాది ఒక ఆదివారం నేను మాట్లాడకపోతే, ఆయనకు ఏం తోచిందో గానీ, "ఈ వారం నేర్చుకున్నది ఏదన్నా ఒకటి నాకు చెప్పు" అన్నారు. అప్పుడు కిరణజన్య సంయోగక్రియ చదువుతున్నాను. పగలు నీటిలోని శైవలాలు ఆక్సిజన్ విడుదల చేస్తాయని, రాత్రి వెలుతురు లేక ఆ పని ఆగిపోతుందని, చెరువులోని ప్రాణులన్నీ శ్వాసిస్తూనే ఉంటాయి కాబట్టి ఆక్సిజన్ తగ్గుతూ పోతుందని చెప్పాను. ఆయన ఒక నిమిషం మాట్లాడలేదు. తరువాత, "అందుకేనమ్మా తెల్లవారుజామున డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) పడిపోయేది, మేం రాత్రంతా ఏరేటర్లు తిప్పేది అందుకే" అన్నారు. నేను చదివే పాఠం మా నాన్న రాత్రి నిద్ర మానుకుని చేసే పని గురించేనని నాకు అంతవరకు తట్టలేదు. ఆ తరువాత ప్రతి వారం ఆయనకు చెప్పడానికి ఒక విషయం ఎంచి పెట్టుకునేదాన్ని. దానివల్లే సీటు వచ్చిందని అనను, కానీ ఆ రెండో ఏడాది నేను చదువు మానేయకుండా ఉన్నది దానివల్లే.

హాస్టల్_అనుభవం | అక్టోబరు 15, 2025

నేను ఆరు సంవత్సరాలు ఒక జూనియర్ కాలేజీ హాస్టల్లో వార్డెన్‌గా పని చేసి మానేశాను. ఇంటి నుంచి కనిపించనివి కొన్ని చెబుతాను.

అన్నిటికంటే ముందు నిద్ర. 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్రను అధ్యయనం చేసే వైద్యులు చెబుతారు. నేను పని చేసిన చోట రాత్రి స్టడీ అవర్స్ పదిన్నరకు ముగిసేవి, తెల్లవారి అయిదుకు లేపేవాళ్లం, నడుమ బట్టలు ఉతుక్కోవడం, మాటలు పోగా అయిదున్నర గంటలకు మించి నిద్ర ఉండేది కాదు. ఉదయం మొదటి పీరియడ్‌లో తూగే పిల్లవాణ్ణి నిలబెట్టేవాళ్లు. చదివినది మెదడులో కుదురుకునేదే నిద్రలో అయినప్పుడు, నిద్ర కోసి చదివించడం అంటే చిల్లు కుండలో నీళ్లు పోయడమే. ఆ పనిలో నేనూ ఒక చెయ్యి వేశాననే బాధ నాకు ఇప్పటికీ ఉంది.

రెండవది, మీకు మాట్లాడే హక్కు ఉందని తెలుసుకోండి. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న తీర్పు ఇస్తూ, ప్రత్యేక చట్టం వచ్చేవరకు దేశంలోని విద్యాసంస్థలన్నీ, కోచింగ్ కేంద్రాలు, హాస్టళ్లతో సహా, పాటించవలసిన 15 మార్గదర్శకాలను ప్రకటించింది. వంద మంది లేదా అంతకు మించి విద్యార్థులు ఉన్నచోట అర్హత ఉన్న కౌన్సెలర్ కనీసం ఒకరు ఉండాలని, చదువులో ప్రతిభను బట్టి బ్యాచులు విడదీయడం, పదిమందిలో అవమానించడం, శక్తికి మించిన లక్ష్యాలు పెట్టడం మానాలని అందులో ఉంది. అంతకు ముందు 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ కోచింగ్ కేంద్రాలకు ఇచ్చిన మార్గదర్శకాల్లో రోజుకు అయిదు గంటలకు మించి తరగతులు పెట్టవద్దని, వారానికి ఒక సెలవు ఇవ్వాలని, ఆ సెలవు మరునాడు పరీక్ష పెట్టవద్దని చెప్పారు. ఇవన్నీ అమలవుతున్నాయని నేను అనడం లేదు. కానీ పేరెంట్స్ మీటింగుకు వెళ్లినప్పుడు "మీ కౌన్సెలర్ ఎవరు, మా అబ్బాయి ఆయన్ను ఎప్పుడు కలవవచ్చు" అని మర్యాదగా అడగండి. ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు కలిసి అడిగితే ఇంకా మంచిది. అడిగిన తల్లిదండ్రుల పిల్లల విషయంలో యాజమాన్యం జాగ్రత్తగా ఉంటుందని లోపల పని చేసినవాడిగా చెప్పగలను.

తెనాలి_అమ్మ | అక్టోబరు 21, 2025

నిన్న దీపావళికి మేమిద్దరం కాలేజీకే వెళ్లి రెండు గంటలు అనుమతి తీసుకుని వాణ్ణి బయటకు తీసుకువెళ్లాము. కృష్ణ ఒడ్డున కూర్చున్నప్పుడు, పిల్లల_మనసు గారు చెప్పిన ప్రశ్న అడిగాను. అడిగేటప్పుడు నా గొంతు వణికింది. వాడు చాలాసేపు నీళ్ల వైపు చూసి, "చచ్చిపోవాలని లేదు అమ్మా, కానీ పొద్దున లేవకుండా ఉంటే బాగుండునని అనిపిస్తుంది" అన్నాడు. నేను అప్పుడు ఏమీ మాట్లాడలేకపోయాను. మా వారు వాడి చెయ్యి పట్టుకున్నారు. రాత్రి 14416కు ఫోను చేశాను. వాళ్లు ఓపికగా విని, వైద్యులకు చూపించమని చెప్పారు. ఈ శనివారానికి గుంటూరులో అపాయింట్‌మెంటు తీసుకున్నాము, కాలేజీ వాళ్లు పంపడానికి ఒప్పుకున్నారు.

మాస్టారు గారు అడిగిన మార్కులు కూడా తెలుసుకున్నాను. ర్యాంకు 44 అయినప్పుడు 172, ర్యాంకు 183 అయినప్పుడు 149. లాంగ్‌టర్మ్ చేసిన అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజమైంది. సెక్షన్ మారినప్పటి నుంచి ఒక్క డౌటు కూడా అడగలేదట.

పిల్లల_మనసు | అక్టోబరు 21, 2025

అమ్మా, మీరు అడిగారు, వాడు చెప్పాడు. "లేవకుండా ఉంటే బాగుండు" అన్న మాటను తేలికగా తీసుకోకుండా వైద్యుల దగ్గరకు వెళ్లడం సరైన నిర్ణయం. శనివారం దాకా ప్రతి రోజూ ఒకసారి వాడితో మాట్లాడే వీలు కల్పించమని వార్డెన్‌ను అడగండి. గదిలో ఒంటరిగా ఉండకుండా చూడమని కూడా చెప్పండి. ఈలోగా ఆ ఆలోచన ముదిరినట్టు అనిపిస్తే శనివారం కోసం ఎదురుచూడవద్దు, వెంటనే ఇంటికి తీసుకురండి. కాలేజీ మార్చాలా వద్దా అన్న నిర్ణయం వైద్యులు చూసిన తరువాత, వాడి ఇష్టం తెలుసుకుని తీసుకోండి.

ఫిజిక్స్_మాస్టారు | అక్టోబరు 22, 2025

వైద్యం ముందు, చదువు తరువాత. ఆ క్రమం మార్చకండి. వాడు కొంచెం తేరుకున్నాక చూపించడానికి ఈ లెక్క రాస్తున్నాను.

172కూ 149కూ తేడా 23 మార్కులు. జేఈఈ మెయిన్ పద్ధతిలో సరైన జవాబుకు నాలుగు మార్కులు వస్తాయి, తప్పుకు ఒకటి పోతుంది, కాబట్టి ఒప్పు కావలసిన ప్రశ్న తప్పయితే అయిదు మార్కుల తేడా వస్తుంది. అంటే 75 ప్రశ్నల పేపరులో వాడికీ పాత ర్యాంకుకూ మధ్య ఉన్నది అయిదు ప్రశ్నలు కూడా కావు. ఇంకొకటి చూడండి. 60 ప్రశ్నలు ముట్టుకుని 30 ఒప్పు, 30 తప్పు చేసినవాడికి 90 మార్కులు వస్తాయి. 40 మాత్రమే ముట్టుకుని 30 ఒప్పు, 10 తప్పు చేసినవాడికి 110 వస్తాయి. ఇద్దరికీ తెలిసినది ఒక్కటే. బెంగ పడిన పిల్లవాడు ర్యాంకు తిరిగి తెచ్చుకోవాలన్న ఆత్రంతో తెలియనివన్నీ గుడ్డిగా పెడతాడు, ఇంకా జారతాడు. నా సర్వీసులో ఇది ఎన్నిసార్లు చూశానో చెప్పలేను.

నేను పిల్లలచేత ఒక నోటుపుస్తకం పెట్టించేవాణ్ణి. తప్పయిన ప్రతి లెక్క పక్కన ఎందుకు తప్పయిందో ఒక్క వాక్యం రాయాలి: సూత్రం తెలియలేదు, తెలిసినా తప్పుగా వాడాను, కూడికలో పొరపాటు చేశాను, ప్రశ్న సరిగా చదవలేదు, తెలియకుండా పెట్టాను. నెల తిరిగేసరికి పిల్లవాడికే తన తప్పుల స్వభావం కళ్లకు కడుతుంది. "నాకు బుర్ర లేదు" అనే మాటకు మందు లేదు గానీ, "నేను మైనస్ గుర్తు దగ్గర తొందరపడుతున్నాను" అనే మాటకు మందు ఉంది. ఆ పుస్తకం వాడిదే, ఎవరూ తనిఖీ చేయకూడదు. తల్లిదండ్రులు అసలే చూడకూడదు.

చదివే పద్ధతి గురించి కూడా ఒక మాట. మన పిల్లలు ఒకే పాఠం నాలుగుసార్లు చదివి వచ్చేసిందని అనుకుంటారు. అమెరికాలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు పరిశోధకులు 2006లో చేసిన ప్రయోగంలో, మళ్లీ మళ్లీ చదివినవాళ్లు అయిదు నిమిషాల తరువాత పెట్టిన పరీక్షలో ముందున్నారు, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకుంటూ రాసినవాళ్లు వారం తరువాత ముందున్నారు. మన పాతకాలపు బడిలో పాఠం అప్పచెప్పించడంలో ఉన్న మేలు ఇదే. మూసి రాయడం మొదట కష్టంగా ఉంటుంది, మరిచిపోయినవన్నీ బయటపడతాయి. అలా బయటపడటం పరాజయం కాదని పిల్లవాడికి ముందే చెప్పాలి, లేకపోతే తేలికగా ఉండే పద్ధతికే తిరిగి వెళ్లిపోతాడు.

పాలమూరు_నాన్న | అక్టోబరు 23, 2025

తెనాలి అక్కా, మీ అబ్బాయి మాట చదివాక నేను మొదట రాసిన దాంట్లో ఫీజు గురించి అన్న వాక్యాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. మా పాప తొమ్మిదో తరగతి. నిన్న తనను పిలిచి, మార్కులు తగ్గినప్పుడు నాకు చెప్పడానికి భయం వేస్తుందా అని అడిగాను. వేస్తుందని చెప్పింది. ఇంతకాలం నేను దాన్ని గౌరవం అనుకున్నాను.

సైకాలజిస్టు గారిని ఒకటి అడగాలి. మొదటి ర్యాంకు తెస్తే సైకిలు కొంటానని మాట ఇచ్చాను. అది మంచిదేనా? తెలివైనదానివని పొగడటం మంచిదేనా?

పిల్లల_మనసు | అక్టోబరు 24, 2025

ఇచ్చిన మాట తప్పకండి, కానీ సైకిలును ర్యాంకు నుంచి విడదీసి పుట్టినరోజుకు కొనండి. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే పరిశోధకులు, బొమ్మలు గీయడం ఇష్టమైన చిన్న పిల్లలకు బహుమతి ఇస్తామని ముందే చెప్పి గీయించారు. కొన్ని రోజుల తరువాత చూస్తే ఆ పిల్లలు తమంతట తాము గీయడం తగ్గించేశారు. ఇష్టంగా చేసేది కూలికి చేసే పనిగా మారింది. పొగడ్త గురించి 1998లో ముల్లర్, డ్వెక్ చేసిన ప్రయోగాల్లో, తెలివైనవాళ్లని మెచ్చుకోబడిన పిల్లలు ఒక వైఫల్యం ఎదురయ్యాక త్వరగా వెనుకంజ వేశారు, కష్టపడ్డారని మెచ్చుకోబడిన పిల్లలు ఎక్కువసేపు నిలిచారు. దీన్ని మంత్రంలా వాడే శిక్షకులు బయలుదేరారు కాబట్టి ఒక హెచ్చరిక కూడా చేయాలి. ఆ తరువాత అమెరికాలో పెద్ద ఎత్తున చేసి 2019లో వెలువరించిన అధ్యయనంలో కృషితో తెలివి పెరుగుతుందన్న ఆలోచనను పిల్లలకు నేర్పితే కలిగిన ప్రయోజనం చిన్నదేనని, అది కూడా ప్రధానంగా చదువులో వెనకబడ్డవారిలో కనిపించిందని తేలింది. "బాగా కష్టపడ్డావు" అని ఊరికే అంటే పిల్లలు నమ్మరు. "నిన్న రాని లెక్కను ఈరోజు రెండో పద్ధతిలో చేశావు, చూశాను" అంటే నమ్ముతారు, ఎందుకంటే మీరు నిజంగా చూశారు.

డిప్లొమా_దారి | అక్టోబరు 25, 2025

నేను పాలిసెట్ రాసి డిప్లొమా చేసి, ఈసెట్ ద్వారా బీటెక్ రెండో సంవత్సరంలో చేరినవాణ్ణి. జేఈఈ ఒక్కటే దారి కాదని పిల్లలకు తెలియాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఈఏపీసెట్ ర్యాంకుకు ఇంటర్ మార్కులు 25 శాతం కలుస్తాయి కాబట్టి బోర్డు పరీక్షల కోసం చదివింది కూడా వృథా పోదు. జేఈఈ మెయిన్ ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది, మెరుగైన స్కోరే లెక్కలోకి వస్తుంది. అయితే ఈ దారుల గురించి ఎప్పుడు చెప్పాలన్నది చాలా ముఖ్యం. నాకు మార్కులు తగ్గిన రోజునే మా మామయ్య "పోనీలే, నీకు వేరే దారులున్నాయి" అన్నాడు. అప్పుడు నాకు ఓదార్పు కలగలేదు, ఇంట్లో వాళ్లు నా మీద ఆశ వదులుకున్నారని అనిపించింది. మార్కులు బాగా వచ్చిన వారంలో, మామూలు కబుర్ల మధ్య చెప్పండి.

తెనాలి_అమ్మ | నవంబరు 23, 2025

నెల రోజులుగా రాయలేకపోయాను, క్షమించండి. గుంటూరులో డాక్టరు గారు రెండుసార్లు చూశారు. మందులు ఇప్పటికి అవసరం లేదని, వారానికి ఒకసారి కౌన్సెలింగ్, రాత్రి కనీసం ఏడున్నర గంటల నిద్ర కావాలని రాసిచ్చారు. ఆ కాగితం పట్టుకుని కాలేజీకి వెళితే, తెల్లవారుజాము స్టడీ అవర్ నుంచి వాడికి మినహాయింపు ఇచ్చారు. ఇంటికి వస్తావా అని వాణ్ణే అడిగాము. మార్చి దాకా ఇక్కడే ఉంటానని, కష్టమైతే అడగకుండానే వచ్చేస్తానని చెప్పాడు. వచ్చేయమన్నాము. ఆ తలుపు తెరిచి ఉందని తెలిసిన రోజు నుంచే వాడి గొంతు మారింది. మొన్నటి టెస్టులో 154 వచ్చాయట. అదీ వాడే చెప్పాడు, నేను అడగలేదు. ఒక్కోసారి ఇప్పటికీ ముభావంగానే ఉంటాడు, ఆ రోజు నాకు నిద్ర పట్టదు.

ఈ రోజు ఫోను వచ్చినప్పుడు మా వారు, లాంగ్‌టర్మ్ అమ్మాయి వాళ్ల నాన్నగారిలాగే, ఈ వారం నేర్చుకున్నది ఒకటి చెప్పమన్నారు. వాడు మోటారు తిరిగేటప్పుడు దానిలోనే ఎదురు వోల్టేజీ పుడుతుందని, అందుకే తిరుగుతున్న మోటారు తక్కువ కరెంటు తీసుకుంటుందని, ఆగి ఉన్న మోటారు స్టార్టింగులో ఎక్కువ లాగుతుందని చెప్పాడు. మా వారు ఇరవై ఏళ్లుగా కాలిన వైండింగులు విప్పుతున్న మనిషి. వింటూ వింటూ, "మరి లో వోల్టేజీ వచ్చినప్పుడు పొలాల్లో మోటార్లు ఎందుకు కాలిపోతున్నాయిరా? వోల్టేజీ తగ్గితే కరెంటు కూడా తగ్గాలిగా?" అని అడిగారు. వాడు కాసేపు ఆలోచించి తనకు తెలియదన్నాడు. పదిహేను నిమిషాలు అయిపోయాయి, వార్డెన్ ఫోను ఇమ్మంటున్నట్టు వినిపించింది. పెట్టేసే ముందు, "ఉండు నాన్నా, రేపు ఫిజిక్స్ సార్‌ను అడిగి వచ్చే ఆదివారం చెబుతాను" అన్నాడు.